పులస, ఇలస: ఒకే జాతి, రెండు దేహాలు – ఎగువ గోదావరి తీరం నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం

గోదావరి పాయల్లో పట్టే పులస, బంగాళాఖాతంలో పట్టే ఇలస ఒకే జాతి చేపలు. వాటి మధ్య కంటికి కనిపించే దేహభేదం ఉంది. తెలుగు రచన ఆ భేదాన్ని చాలాకాలంగా 'గోదావరి నీటి మహిమ'గా వివరిస్తోంది. ప్యాట్రిక్ రసెల్ గ్రంథం (1803) మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు కొలతల అధ్యయనాల వరకు ఉన్న ఆధారాలతోను, గోదావరి తెలంగాణలో ప్రవేశించే నిజామాబాద్–బోధన్ ప్రాంతపు అనుభవంతోను ఈ వివరణను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పులస, ఇలస, దేహభేదం, మత్స్యనామాలు, గోదావరి, కందకుర్తి, బోధన్ చెరకు.

1. ఉపోద్ఘాతం

గోదావరి తెలంగాణ నేల మీద అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి దగ్గర. మంజీర, హరిద్ర నదులు అక్కడే దానిలో కలుస్తాయి. ఆ సంగమానికి సమీప పట్టణం బోధన్. ఈ ప్రాంతపు జాలరుల నోట వినిపించే చేపల పేర్లు కొర్రమట్ట, బొచ్చె, వాలుగ, జెల్ల. పులస ఆ వరుసలో లేదు. అయినా ఆ మాట ఇక్కడ అపరిచితమైనది కాదు. 1923–31 మధ్య మంజీర మీద నిజాంసాగర్ కట్టి కాలువలు పారించిన తరువాత కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు వచ్చి స్థిరపడ్డాయి. ఆ ఊళ్లను నేటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు. గోదావరి దిగువ మాటలు ఎగువకు చేరిన దారుల్లో ఈ వలస ఒకటి. పత్రికలు మరొకటి: ఏటా వానకాలంలో యానాం, ధవళేశ్వరం రేవుల్లో పులస పలికిన ధరను అవి వార్తగా వేస్తాయి.

ఆ వార్తల్లో ధర మారుతుంది గాని వివరణ మారదు. సముద్రంలో ఉన్నంతకాలం ఇది సాధారణమైన ఇలస. గోదావరి తీపినీరు తాకగానే పులసగా మారి రంగు, రుచి, రూపు తెచ్చుకుంటుంది. ఇది గోదావరి నీటి మహిమ. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత దీనికి ముక్తాయింపు. ఈ కథనాన్ని కందకుర్తి దగ్గర నిలబడి వింటే ఒక సందేహం సహజంగా పుడుతుంది. మహిమ నీటిదే అయితే, అదే నదికి తెలంగాణ మొదటి గట్టున ఆ మహిమ ఎందుకు లేదు? పైకి తేలికగా కనిపించే ఈ ప్రశ్న, దేహంలోని మార్పు అంటే ఏమిటి, జాతిలోని తేడా అంటే ఏమిటి అన్న పెద్ద ప్రశ్నకు దారి తీస్తుంది.

2. రసెల్ 'పలసా', హామిల్టన్ 'ఇలిషా'

ఈ చేపకు రెండు పేర్లు పెట్టిన తప్పు తెలుగువారిదే అనుకోవడానికి వీలులేదు. శాస్త్రం కూడా ఒకప్పుడు అదే పని చేసింది.

1780లలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రసెల్ అక్కడి చేపలను బొమ్మలు గీయించి, వర్ణనలతో రెండు సంపుటాలుగా 1803లో లండన్‌లో ప్రచురించాడు. కోరమాండల్ తీరాన విశాఖలో సేకరించిన రెండువందల చేపలు అన్నది ఆ గ్రంథశీర్షిక సారం. (రక్తపింజర ఆంగ్లనామంలో ఉన్న రసెల్ ఈయనే.) తెలుగు పరిశోధకుల దృష్టిలో ఈ గ్రంథానికి విడిగా ఒక విలువ ఉంది. రసెల్ అనేక చేపలకు స్థానికంగా విన్న తెలుగు పేర్లనే శీర్షికలుగా పెట్టాడు. బొమ్మలు గీసింది కూడా భారతీయ చిత్రకారుడే. ఆ గ్రంథంలో 'పలసా' అన్న పేరుతో ఒక చేప ఉంది.

రసెల్ బొమ్మను ఆధారం చేసుకొని ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే 1829లో ఆ చేపకు 'క్లుపియా పలసా' అని శాస్త్రీయనామం ఇచ్చాడు. కాని అంతకు ఏడేళ్ల ముందే, 1822లో, ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో బెంగాలీ పేరు తీసుకొని దానిని 'క్లుపనోడాన్ ఇలిషా' అన్నాడు. రెండూ ఒకటేనని తేలాక, ముందు పెట్టిన పేరే నిలవాలన్న నియమం ప్రకారం 'ఇలిషా' నిలిచింది. 'పలసా' పర్యాయపదాల జాబితాలోకి జారిపోయింది. ప్రజాతి పేరు తరువాత ఎన్నిమార్లు మారినా, నేటి 'టెనుయలోసా ఇలిషా'లో బెంగాలీ మాట చెక్కుచెదరలేదు. తెలుగు మాటకు అన్నిచోట్లా ఇదే గతి పట్టలేదు. రసెల్ నమోదు చేసిన 'కానగుర్త' క్యువియే చేతుల మీదుగా శాస్త్రంలోకి వెళ్లి, కానాగంత చేప శాస్త్రీయనామమైన 'రాస్ట్రెల్లిజర్ కానగుర్త'లో ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఒక పేరు బతకడానికి, మరొకటి పోవడానికి కారణం ప్రచురణ తేదీ మాత్రమే.

ఇక్కడ పాఠపరిశీలకుడు ఆగవలసిన చోటు ఒకటుంది. రసెల్ చేపలు సేకరించింది విశాఖలో. విశాఖ గోదావరి తీరం కాదు. అక్కడ అతనికి చెప్పిన పేరు 'పలసా'. అంటే పద్దెనిమిదో శతాబ్ది చివర కనీసం విశాఖ తీరాన ఈ పేరు గోదావరి చేపకు మాత్రమే పరిమితమై లేదని భావించడానికి గట్టి ఆధారం ఉన్నట్టే. సముద్రంలోది ఇలస, నదిలోది పులస అన్న నేటి విభజన గోదావరి డెల్టా వాడుక అయి ఉండవచ్చు. దానిని తెలుగు తీరమంతటి సనాతన విభజనగా చెప్పే రచనలు ఈ సాక్ష్యాన్ని ఎదుర్కోవలసి ఉంటుంది. ఇప్పటివరకు ఆ రచనలు రసెల్‌ను పట్టించుకున్న దాఖలా అరుదు.

3. దేహభేదం: కొలత ఏం చెబుతుంది

పేర్ల సంగతి పక్కన పెడితే, దేహంలో తేడా ఉన్న మాట నిజమేనా? నిజమే. అయితే ఏ తేడా దేనికి సాక్ష్యమో విడదీసి చూడాలి.

ఒక జాతి చేపలో వేర్వేరు తీరాల సమూహాలను గుర్తించడానికి మత్స్యశాస్త్రం చాలాకాలం రెండు రకాల లక్షణాల మీద ఆధారపడింది. మొదటివి లెక్కపెట్టేవి: వెన్నుపూసలు, రెక్కల్లోని కిరణాలు, మొప్పల లోపలి దువ్వెన పళ్లు, కడుపు అంచున రంపంలా ఉండే గట్టి పొలుసులు. రెండవవి కొలిచేవి: దేహం ఎత్తు, తల పొడవు, కంటి వ్యాసం, తోక మొదలు మందం, వీటికి మొత్తం పొడవుతో ఉండే నిష్పత్తులు. లెక్కలు చాలావరకు చేప గుడ్డులోంచి బయటపడిన తొలి రోజుల్లోనే స్థిరపడతాయి. ఆ రోజుల్లోని నీటి వేడిమి, ఉప్పదనం వాటిని కొంత మార్చగలవు. కొలతలు జీవితాంతం మారుతూనే ఉంటాయి. తిండి, వయసు, లింగం, గుడ్ల నిండుతనం అన్నీ వాటి మీద ముద్ర వేస్తాయి.

గంగా వ్యవస్థలోని ఇలసలో సన్నని, వెడల్పైన, మరింత వెడల్పైన రూపాలను ఘోష్, భట్టాచార్య, రావు 1968లో గుర్తించారు. బంగ్లాదేశ్ జలాల్లో వెడల్పు, సన్నని రకాలు రెండింటిని 1984లో ఖుద్దూస్ బృందం కొలతలతో వేరుచేసింది. గోదావరి ఇలస జీవనం మీద చాకో, గణపతి 1949లోనే రాశారు. ఈ పరిశోధకులకు సమూహాల మధ్య భేదం ఒక నిర్ధారణ కంటె ఒక ప్రశ్న. తరువాత వచ్చిన జన్యుపరిశీలనలు కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. బంగాళాఖాతంలోని ఇలస అంతా కలగలిసిన ఒకే సమూహమని కొన్ని, విడివడిన సమూహాలున్నాయని కొన్ని తేల్చాయి. ఏ పరిశీలనా నదిలోని చేపను, సముద్రంలోని చేపను రెండు జాతులుగా విడదీయలేదు.

బజారులో చేసే పోలిక దీనికి భిన్నమైనది. నదిలోకి ఎదురెక్కే ఇలస గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆడచేప మగచేప కంటె పెద్దది. కనుక రేవులో పులసగా మెచ్చుకునే చేపల్లో నిండు గుడ్లతో ఉన్న పెద్ద ఆడచేపలకే గౌరవం. సముద్రపు వలలో పడే ఇలస అన్ని వయసులది, రెండు లింగాలది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి దేహం ఎత్తు పోల్చి నీటి మహిమ చెప్పడం, నిండు చూలాలిని ఎదిగీ ఎదగని పిల్లను నిలబెట్టి రెండు ఊళ్ల మధ్య తేడా చెప్పినట్టుంటుంది. ఒకే పొడవు, ఒకే లింగం, ఒకే పక్వదశ ఉన్న చేపలను పోల్చితేనే ఆ కొలతకు అర్థం.

మరో విచిత్రం ఉంది. ఇలసకు దగ్గరి బంధువైన టెనుయలోసా టోలీ అన్న జాతి ఇదే బంగాళాఖాతంలో ఉంది. బజారులో చూసేవారికి రెండూ దాదాపు ఒకటే. మొప్ప ఎత్తి దువ్వెన పళ్లు చూస్తే గాని తేడా తెలియదు. ఇలిషాకు అవి వందకు పైగా, టోలీకి అంతకంటె తక్కువ. అంటే నిజమైన జాతిభేదం కంటికి ఆనదు, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే భేదం జాతిభేదం కాదు. పులస మీద వచ్చే తెలుగు రచన మొత్తం ఆ రెండో దాని మీదనే నడుస్తోంది.

4. 'నీటి మహిమ' వాదం

ఇక ప్రధానమైన వాదానికి రావాలి. నీరు చేపను మారుస్తుందా? ఒక అర్థంలో తప్పకుండా మారుస్తుంది. సముద్రంలో ఉన్న చేప దేహం నిరంతరం నీటిని కోల్పోతుంటుంది. అది ఉప్పునీరు తాగి, మిగులు లవణాన్ని మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. నదిలోకి రాగానే ఈ పని తలకిందులవుతుంది. అప్పుడు దేహంలోకి నీరు చొరబడుతుంది, లవణాలు జారిపోతాయి. మొప్పలు లవణాన్ని లోపలికి లాగాలి, మూత్రపిండాలు పలచని నీటిని బయటికి తోయాలి. ఒకే చేప కొద్ది రోజుల తేడాలో ఈ రెండు బతుకులూ బతకగలగడం అద్భుతమే. కాని దానిని సాధించేది చేప మొప్ప. నీరు అందుకు సందర్భం మాత్రమే.

రుచి సంగతి ఇంకా తేటగా ఉంది. గుడ్లు పెట్టడానికి ఎదురీదే దశలో ఇలస తిండి బాగా తగ్గిపోతుంది. ఆ ప్రయాణానికి ఇంధనం దేహంలో ముందే నిల్వ ఉన్న కొవ్వు. ఆ కొవ్వు ప్రధానంగా సముద్రంలోను, నదీముఖంలోను తిన్న సూక్ష్మజీవుల వల్ల సమకూరింది. పులస రుచిలో కొవ్వు వాటా పెద్దదని వండేవారందరూ ఒప్పుకుంటారు. అలాంటప్పుడు గోదావరి రుచిగా కీర్తించేది చాలావరకు సముద్రం పెట్టిన తిండే. నది చేసింది దానిని ఖర్చు పెట్టించడం; ఎంత ఎగువకు పోతే ఖర్చు అంత ఎక్కువ. 'ఎదురీది కండ గట్టిపడింది' అన్న జాలరుల మాటలో కొంత పరిశీలన ఉంది. 'తీపినీరు తాగి రుచెక్కింది' అన్న పత్రికల మాటలో అది లేదు.

నీరు విషయంలోనూ లెక్క సరిచూసుకోవాలి. కందకుర్తి నీరే యానాం చేరుతుందన్న ఊహ కొంతవరకే నిజం. వానకాలంలో ధవళేశ్వరానికి వచ్చే వరదలో పెద్ద వాటా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులది. అవి మూడూ నిజామాబాద్ జిల్లాకు చాలా దిగువన కలుస్తాయి. ఎగువ నీటిని నిజాంసాగర్, దాని తరువాత 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు చాలావరకు పట్టి ఉంచుతాయి. పులసకు ఎర్రని ఛాయ తెచ్చిందని చెప్పే ఆ ఎర్రనీరు ఏ కొండల మట్టితో ఎర్రబడిందో చెప్పకుండా 'గోదావరి నీరు' అని ఒక్క మాటలో తేల్చడం భౌగోళికంగా కూడా నిలిచే మాట కాదు.

గోదావరి వారి గర్వం ప్రపంచంలో ఒంటరిదీ కాదు. సింధునది ఒడ్డున ఇదే చేప 'పల్లా'. బెంగాలీలకు పద్మానది ఇలిషే ఇలిష్. గంగ ఇలిష్ గొప్పదని కలకత్తావారూ, పద్మ ఇలిష్ గొప్పదని ఢాకావారూ తరాలుగా వాదులాడుకుంటున్నారు. బంగ్లాదేశ్ 2017లో తన ఇలిష్‌కు భౌగోళిక సూచిక కూడా పొందింది. ఐరావతి ఒడ్డున బర్మావారిదీ, ఇరాక్ షట్-అల్-అరబ్ ఒడ్డున అరబ్బులదీ ఇదే ప్రీతి. ఇన్ని నదుల నీళ్లకు ఒకే మహిమ ఉండటం సాధ్యమా అని అడిగితే, మహిమ చేప ప్రయాణంలో ఉందన్న సమాధానమే మిగులుతుంది.

జాలరుల వాడుకను ఈ వెలుగులో మళ్లీ చదివితే, అది పండిత వ్యాఖ్యానం కంటె ఎంతో నిశితంగా కనిపిస్తుంది. గుడ్లు పెట్టాక బతికిన ఇలస తిరిగి సముద్రానికి వెళ్తుంది. మరో ఏడు మళ్లీ ఎదురెక్కవచ్చు. సముద్రానికి దిగినదాన్ని పులస అనరు. కనుక 'పులస' అన్నది ఒక దశ పేరు, 'చూలాలు', 'బాలింత' వంటి మాట. కొర్రమట్ట, కొరమీను అన్నవి ఇలాంటి జంట కావు. అది ఒకే చేపకు తెలంగాణలో ఒక పేరు, కోస్తాలో ఒక పేరు. మాట్లాడేవారి ఊరు మారితే పేరు మారింది. ఇలస–పులస జంటలో చేప ఊరు మారితే పేరు మారింది. ఈ రెండు రకాల జంటలనూ ఒకే గాటన కట్టి 'ప్రాంతీయ పర్యాయపదాలు'గా చూపడం నామశాస్త్ర దృష్టిలో లోపం. వృత్తిపదాలను సేకరించేటప్పుడు పదంతో పాటు అది వర్తించే దశను, ఋతువును, చోటును నమోదు చేయకపోతే జాలరి తెలివి జాబితాలో ఇమడక జారిపోతుంది.

5. బోధన్ చెరకు చెప్పే పాఠం

జాతి ఒకటే అయినా దేహం చోటును బట్టి మారుతుందన్న సంగతి బోధన్ రైతుకు పుస్తకాల్లో చదవవలసినది కాదు. చెరకును విత్తనంతో వేయరు, కణుపులున్న గడ ముక్కలతో నాటుతారు. అందువల్ల ఒక రకం చెరకు తోటలన్నీ వంశపారంపర్యంగా ఒకే మొక్క. అయినా నల్లరేగడిలో పండిన గడ, ఇసుక కలిసిన నేలలో పండిన గడ ఒక్క తీపి ఇవ్వవు. మొదటి నాటు తోట వేరు, నరికిన మోడు నుంచి మళ్లీ మొలిచిన కార్శి తోట వేరు. కోత ముందుకు వెనుకకు జరిగితే చక్కెర శాతం మారుతుంది. నరికిన గడ గానుగకు ఆలస్యంగా చేరితే తగ్గిపోతుంది. ప్రభుత్వం ప్రకటించే చెరకు ధర కూడా టన్నుకు వచ్చే పంచదార శాతంతో ముడిపడి ఉంటుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసినప్పటి నుంచి రైతుకూ కర్మాగారానికీ మధ్య నలిగిన లెక్క ఇదే. ఈ తేడాలు చూసి ఎవరూ ఇవి రెండు జాతుల చెరకులు అనలేదు. మంజీర నీటి మహిమ అని సరిపెట్టుకోనూ లేదు. నేల ఏది, నీరు ఎన్ని తడులు, కోత ఎప్పుడు అని అడిగారు.

ఈ పోలికకు హద్దు ఉంది. చెరకులో వంశం అచ్చంగా ఒకటే కనుక తేడా అంతా పరిసరాలదేనని చెప్పవచ్చు. చేపలో అలా చెప్పలేరు. ప్రతి చేపా వేర్వేరు తల్లిదండ్రుల సంతానం. గోదావరిలో పుట్టిన ఇలస మళ్లీ గోదావరికే వస్తుందా, లేక ఏ నది వరద పిలిస్తే దాని ముఖాన చేరుతుందా అన్నది తేలితే గాని, గోదావరి ఇలసకు తనదైన వంశం ఉందో లేదో నిర్ణయించలేరు. చేప చెవిరాయిలో ఏటేటా పేరుకునే పొరల్లో స్ట్రాన్షియం, కాల్షియం నిష్పత్తిని చూసి అది ఎప్పుడు ఉప్పునీట, ఎప్పుడు మంచినీట గడిపిందో చదివే పద్ధతి ఉంది. రేవులో వేలంపాట వార్తలకు ఇచ్చే చోటులో కొంత ఈ ప్రశ్నకు ఇచ్చి ఉంటే తెలుగు విజ్ఞానరచన మరోలా ఉండేది.

6. పేరు మిగిలి చేప పోతే

ఈ చర్చ పదాల దగ్గర ముగిసేది కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో టెనుయలోసా ఇలిషా 'ఆందోళన అంతగా అవసరం లేని' జాతి. పారసీక సింధుశాఖ నుంచి బర్మా దాకా ఉన్న జాతి మొత్తానికి ఆ మాట చెల్లవచ్చు. కాని ఆ మాటను ఒక్క నదికి వర్తింపజేస్తే ప్రమాదం. ఆర్థర్ కాటన్ 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన నాటి నుంచి గోదావరి ఇలసకు ఎగువ దారి మూతపడింది. పులస వేట ప్రధానంగా దాని దిగువనే మిగిలింది. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో వచ్చాక, ఒకప్పుడు అలహాబాదు దాటి ఎగబాకిన ఇలస అక్కడ అపురూపమైపోయింది. జాతి అంతరించలేదు. ఆ నదిలో ఆ దశ అంతరించింది. జాతిని లెక్కించే జాబితాకు ఇది కనిపించదు. 'పులస' అన్న జాలరి మాటకు మాత్రం కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాట పుట్టిందే ఆ దశ కోసం.

నీటి మహిమ వాదం ఇక్కడ అమాయకంగా ఉండదు. పులసను పులసగా చేసేది నీరే అయితే, గోదావరిలో నీరు ఉన్నంతకాలం పులస ఉంటుందన్న భరోసా పాఠకుడికి కలుగుతుంది. చేసేది ప్రయాణమైతే, ఆనకట్ట తలుపులు, నదీముఖాన ఇసుకమేటలు, సన్నకన్ను వలలు, వరద వచ్చే తేదీలు అన్నీ చర్చలోకి వస్తాయి. ఒడిశా, బెంగాల్ తీరాల ఇలస లారీల్లో వచ్చి గోదావరి జిల్లాల బజారుల్లో పులసగా అమ్ముడుపోతోందన్న ఫిర్యాదు ఏటా వినిపిస్తుంది. కొనేవాడు మోసపోతున్నాడని పత్రికలు రాస్తాయి. మోసం కొనేవాడికే పరిమితం కాదు: పులస దొరుకుతూనే ఉందన్న భ్రమ ఊరికంతటికీ కలుగుతుంది, గోదావరిలో తగ్గిన చేప లెక్కలోకి రాదు.

పేరు మిగిలి పదార్థం పోవడం బోధన్‌కు కొత్త అనుభవం కాదు. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడ్డాక చెరకు తోటల స్థానంలో వరి విస్తరించింది. శక్కర్‌నగర్ మాత్రం అదే పేరుతో ఉంది. ఊరి పేరు విన్న కొత్తవారు అక్కడ చక్కెర తయారవుతోందనే అనుకుంటారు. పులస విషయంలో తెలుగు రచన అటువంటి కొత్తవారి స్థానంలో ఉండిపోకుండా ఉండాలంటే, గోదావరి ఇలసకు విడిగా ఒక లెక్క కావాలి: ఏ రేవులో, ఏ తేదీన, ఎంత పొడవున్నది, ఆడదా మగదా, గుడ్లు ఏ దశలో ఉన్నాయి, ఏ తీరం నుంచి వచ్చింది. విశాఖ రేవులో దొరికిన చేపకు దాని తెలుగు పేరుతో, బొమ్మతో పద్దు రాసిన పని రెండువందల ఏళ్ల కిందటే జరిగింది. యానాం రేవుకు ఆ పద్దు ఇంకా మొదలు కావలసి ఉంది.